చూ. వే.

ముక్కలక్కకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. ఆసుపత్రి వెనకవైపు మెట్లు దిగి ఎడమకు తిరిగితే వచ్చే పొడవాటి ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేస్తున్న పని ముక్కలు కొయ్యడం. కూరముక్కలు కాదు, మనుషుల ముక్కలు. కంగారు పడనక్కర్లేదు, ఆ మనుషులు బతికే ఉంటారు. వాళ్ళ ఒంట్లోంచి డాక్టర్లు తీసి, చెడిపోకుండా ఫార్మలిన్ సీసాల్లో పంపిన వాటిని మైనంలో బిగించి, చక్రం తిప్పే కోత యంత్రం మీద ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేలనిచ్చి, స్లైడు మీదికి ఎత్తి, రంగులద్ది పక్కగదిలోకి పంపుతుంది.

పక్కగదిలో మైక్రోస్కోపు ముందు పెద్ద డాక్టరమ్మ ఉంటుంది. ముక్క మంచిదా చెడ్డదా చెప్పడం ఆవిడ పని. ముక్కు మీద కోపం, నాలుక చివర హాస్యం, ఈ రెండింటి మధ్యా ఎప్పుడు ఏది వస్తుందో ఎవరికీ తెలియదు. ఆవిడ చూసిందంటే చూసినట్టే అని ఊళ్ళో సర్జన్లంతా ఒప్పుకుంటారు, కొంతమంది ఏడుస్తూనైనా సరే.

ముక్కలక్కకూ తన పని మీద గర్వం తక్కువేం కాదు. సీసా రాగానే దాంతోపాటు వచ్చిన చీటీ చదివి, నంబరు వేసి, ఎవరిది, ఒంట్లో ఎక్కడిది అని రిజిస్టరులో ఎక్కించేది ఆమే. ఒకరి ముక్క ఇంకొకరి పేరు మీద పడితే రెండు కొంపలు మునుగుతాయని ఆమెకు తెలుసు. అందుకే ప్రతి అక్షరం ముత్యాల్లా గుండ్రంగా రాస్తుంది. ఇరవై ఆరేళ్ళలో తనను వేలెత్తి చూపినవాళ్ళు లేరని, రెండు నిమిషాలు నిలబడిన ఎవరికైనా సరే చెబుతుంది. వినేవాళ్ళు తలూపుతారు, ఎందుకంటే అది నిజం.

ఆ ల్యాబుకు కొన్ని సొంత అలవాట్లున్నాయి. ఎక్కువకాలం కలిసి పనిచేసిన ఇద్దరి మధ్య భాష దానంతటదే కుదించుకుపోతుంది కదా. రిజిస్టరులో ‘చెయ్యి’ అని ఉంటే భుజం నుంచి మోచేతిదాకా ఉన్న పెద్ద ఎముక అని అర్థం. ఆ కిందది ‘ముంజెయ్యి’, ఆ తర్వాత ‘మణికట్టు’, ‘అరచెయ్యి’, ‘వేలు’ విడివిడిగా రాస్తారు. ఇది ఎక్కడా రాసి పెట్టుకున్నది కాదు. డాక్టరమ్మకు తెలుసు, ముక్కలక్కకు తెలుసు, ఇంకొకరికి తెలియాల్సిన అవసరం ఇన్నేళ్ళలో రాలేదు.

మంగళవారం పదకొండు గంటలవేళ కిటికీ దగ్గర ఎవరో వేలి కణుపుతో చెక్కమీద మెల్లగా తట్టారు. నలభై ఏడేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో పొడవాటి సంచి, ఎడమచేతిలో తెల్లకర్ర. చూపు లేని మనిషి. కుడిచేతి చూపుడువేలికి బొప్పాయంత కట్టు. తలుపు సందులో నలిగి ఉంటుందనుకుంది ముక్కలక్క, ఆ ముందువారం తన మరదలికి అలాగే జరిగింది గనక.

ఆయన నంబరు కాగితం చూపించలేదు, నోటితోనే చెప్పాడు. ఏడువందల నలభై రెండు. సర్జన్ గారు ఆపరేషన్‌కు ముందు స్లైడులు తెచ్చి ఇమ్మన్నారని, ఆపరేషన్ గురువారమని, తన భార్య పనిలో ఉండడంతో తనే వచ్చానని చెప్పాడు. బ్రెయిలీ పుస్తకాలు వేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడట. అక్కడ అందరూ చుక్కలాయన అంటారట. “మీకు నా పేరుతో పనిలేదు గానీ, నన్నలా పిలిస్తే తొందరగా పలుకుతాను,” అన్నాడు.

ముక్కలక్కకు నవ్వొచ్చింది. ముక్కలూ చుక్కలూ బాగానే జత కుదిరాయని మనసులో అనుకుని, స్లైడుల అర తెరిచింది. ఏడువందల నలభై రెండు అనగానే ఆమెకు ఆ ముక్క గుర్తొచ్చింది. ఎముక ముక్కను నేరుగా కొయ్యలేం, కత్తి విరుగుతుంది. యాసిడ్‌లో నానబెట్టి సున్నం వదిలించి మెత్తబరచాలి. చేతి ఎముక పెచ్చు అయితే రెండు మూడు రోజులు మొండికేస్తుంది. ఈ పెచ్చు మాత్రం ఒక్క రోజుకే లొంగిపోయింది, కోడిగుడ్డు పెంకులా పల్చగా ఉంది. ఆ రోజు ఆమె అనుకుంది కూడా, ఇదేమిటి ఇంత సుఖంగా వచ్చిందని. వెనక ముప్ఫై సీసాలు క్యూలో ఉన్నాయి. అనుకుని ఊరుకుంది.

స్లైడులు కాగితంలో చుడుతుంటే ఆయన సంచిలోంచి రిపోర్టు తీశాడు. కాస్త చదివిపెట్టమన్నాడు. ఇంట్లో భార్య మొదలుపెట్టి సగంలో ఏడుపొచ్చి ఆపేసిందట. సర్జన్ తనకు కావలసిన ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడట. “నేను చివరి చుక్కదాకా చదివి బతికేవాణ్ణమ్మా. నా సంగతి రాసిన కాగితం మాత్రం సగమే విన్నాను. మొదట్నించి చివరిదాకా, కామాలతో సహా చదవండి.”

ముక్కలక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. కుడి చెయ్యి, ఎముక లోపలి భాగం. మృదులాస్థి నుంచి పుట్టిన కణితి. కణాలు కిక్కిరిసి ఉన్నాయి, కొన్నింటికి రెండేసి కేంద్రకాలు. ఈ చోట ఈ రూపం క్యాన్సర్‌ను సూచిస్తుంది. ఆ తర్వాత అడుగున, సంతకం పైన చిన్నగా ఇంకో వాక్యం: ఎక్స్‌రే మాకు అందలేదు, దానితో కలిపి చూడనిదే ఇది తుదిమాట కాదు. ఎక్స్‌రే రాని ప్రతి ఎముక రిపోర్టులోనూ డాక్టరమ్మ ఈ వాక్యం రాస్తుంది. ఎవరూ చదవరు. సర్జన్లకు అడుగు వాక్యం చదివే ఓపికుంటే వాళ్ళు సర్జన్లు ఎందుకవుతారని ఆవిడే అంటుంది.

చుక్కలాయన తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. తర్వాత, “‘ఈ చోట’ అన్నారు. ఏ చోట?” అని అడిగాడు.

“కుడి చెయ్యి అని పైనే ఉంది కదండీ.”

“చెయ్యి చాలా పొడుగుంటుంది కదమ్మా. అందులో ఎక్కడ?”

ప్రూఫులు దిద్దేవాళ్ళతో ఇదే చిక్కు అనుకుని ముక్కలక్క కాస్త ధీమాగానే జవాబిచ్చింది. మా దగ్గర చెయ్యి అంటే భుజానికీ మోచేతికీ మధ్య ఉన్నదేనండీ, వేరే ఏదైనా అయితే విడిగా రాస్తాం అంది. అంటూ అంటూనే ఆమె కళ్ళు కిటికీ చెక్కమీద ఆనించి ఉన్న ఆ కట్టు మీద పడ్డాయి. ఆయన చొక్కా పొట్టి చేతులది. మోచేతి పైన గాయం గాని, కుట్టు గాని, మచ్చ గాని లేదు.

“ఆ కట్టు దేనికండీ?” అని అడిగింది.

“ముక్క తీసింది ఇక్కణ్ణించే కదమ్మా,” అన్నాడు ఆయన.

చీటీల బొత్తి లోపలి అరలో ఉంది. ఆమె చేతులు మైక్రాన్లలో కొలిచే పనికి అలవాటుపడ్డవి, ఆ పూట మాత్రం బొత్తి తాడు విప్పడానికి మూడుసార్లు పట్టింది. ఏడువందల నలభై రెండు దొరికింది. సర్జన్ గారి నర్సింగ్ హోమ్ చీటీ, నీలం సిరా, తొందర రాత. దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి పైకి చదివింది. “కు. చెయ్యి, చూ. వే., ఎముక గీకుడు.”

రెండు వారాల కిందట ఆ చీటీ చదివిన క్షణం ఆమెకు పూర్తిగా గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచీ పుస్తకాల అడుగున చూస్తున్న ‘చూ.’ ఉంది కదా, చూడుము అనేది. దాని పక్కన ‘వే.’ ఉంటే, ‘చూడుము, వేరే కాగితం’ అని ఆమె చదువుకుంది. ఆ వేరే కాగితం కోసం సంచి దులిపింది, డబ్బా అడుగున వెతికింది. నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేసి ఇంకో కాగితం పంపలేదా అని అడిగితే, ఎత్తినావిడ ఎక్స్‌రే గురించి అనుకుని, అది పేషెంటు దగ్గరుందని చెప్పి పెట్టేసింది. సరే అది వచ్చినప్పుడు చూద్దామని, ఉన్నంతలో ‘కుడి చెయ్యి’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రిజిస్టరులో ఎక్కించింది. ఆ అక్షరాలే డాక్టరమ్మ చూసింది. డాక్టరమ్మ భుజం కింది ఎముక అనుకుని రాసిన ‘చెయ్యి’ని, సర్జన్ తను గీకిన వేలున్న చెయ్యిగానే చదువుకున్నాడు. మాట ఒక్కటే, ముగ్గురూ ఎవరి చెయ్యి వాళ్ళు చూసుకున్నారు.

ఇదంతా ఆమె తడబడుతూ చెబితే చుక్కలాయన చివరిదాకా విన్నాడు. తర్వాత పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. “మీరు చదివింది తప్పని చెప్పలేనమ్మా. రెండు నిఘంటువులు దిద్దాను, ‘చూ.’ అంటే చూడుమనే. కానీ ఇక్కడ చూపుడువేలు.”

గురువారం సర్జన్ ఏం చెయ్యబోతున్నాడో కూడా చెప్పాడు. వేలు మొదలంటా తీసేస్తారు, దాని వెనక అరచేతిలో ఉన్న ఎముకలో సగం కూడా. ఎడమచెయ్యి ఉందిగా, అలవాటు పడతారని సర్జన్ ధైర్యం చెప్పాడట. ఏడో ఏటనుంచి ఆ ఒక్క వేలితోనే చదువుతున్నాడు ఆయన. ఎడమచేతి వేలు వరస పట్టుకుంటుంది, అంతే, చదవడం రాదు. కట్టు కట్టిన దగ్గర్నుంచి నడిమివేలితో ప్రయత్నిస్తే గంటకు ఒక పేజీ కూడా కదలడం లేదట, అదీ తప్పులతో. “మీరందరూ దాన్ని చూపుడువేలంటారు. నాకైతే అది చూపేనమ్మా,” అన్నాడు. ఆ మాటలో బాధ లేదు, లెక్క ఉంది.

ఆయన్ను లోపల బల్ల దగ్గర కూర్చోబెట్టి పక్కగది వైపు నడిచింది. ఆ పన్నెండు అడుగుల్లో ఆమెకు ఒక పాడు ఆలోచన వచ్చింది, దాచి ప్రయోజనం లేదు. చీటీ సంగతి ఎత్తకుండా, పేషెంటు ఎక్స్‌రే తెచ్చాడు మేడమ్ అని ఊరుకుంటే చాలు. డాక్టరమ్మ చూస్తుంది, వేలని తెలుసుకుంటుంది, రిపోర్టు మారుస్తుంది. చీటీ రాత అర్థమయ్యేలా లేదని అందరూ నర్సింగ్ హోమ్‌నే తిట్టుకుంటారు. వేలూ నిలబడుతుంది, ఇరవై ఆరేళ్ళ పేరూ నిలబడుతుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అప్పుడు ఆమెకు ఆ గుడ్డుపెంకు గుర్తొచ్చింది. యాసిడ్ చెప్పింది, తను వినలేదు. చీటీని కళ్ళెదుట పట్టుకునే లోపలికి వెళ్ళింది.

“మేడమ్, ఏడువందల నలభై రెండు చెయ్యి కాదు, వేలు. చీటీ నేను తప్పు చదివాను.”

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది. చీటీ తీసుకుని చదివింది. ముక్కలక్క వైపు చూసింది. కోపం ముక్కుమీదికి వచ్చి, అక్కడే ఆగి, వెనక్కి వెళ్ళడం ముక్కలక్క కళ్ళారా చూసింది. ఆవిడ లేచి బల్ల దగ్గరికి వచ్చి, చుక్కలాయన్ను ఎక్స్‌రే ఉందా అని అడిగింది. ఉంది. పది రోజులుగా ఆ సంచిలోనే మోస్తున్నాడు. ఎవరైనా అడుగుతారేమోనని తెస్తున్నాను, ఇంతవరకూ అడిగినవాళ్ళు లేరు, నాకా దాంతో పనిలేదు అన్నాడు.

డాక్టరమ్మ దాన్ని దీపం పలక మీద పెట్టింది. వేలి మొదటి కణుపు ఎముక మధ్యలో బుడగలాంటి గుండ్రటి ఖాళీ, అందులో అటుకులు చల్లినట్టు సున్నపు మచ్చలు. చుట్టూ ఎముక గోడ పల్చబడింది గాని ఎక్కడా తెగలేదు, ఏదీ గోడ దాటి బయటికి రాలేదు. ఆవిడ నాలుగు స్లైడులూ మళ్ళీ తెప్పించుకుని తలుపు మూసుకుంది. ముప్పావుగంట. ఒక స్లైడుకు రెండు నిమిషాలు మించి తీసుకోని మనిషి ముప్పావుగంట కూర్చోవడం ముక్కలక్క అదే మొదటిసారి చూడడం. ఆ సేపంతా ఆమె చేతులు చేస్తున్న పని చేస్తూనే ఉన్నాయి, ఏం కోసిందో మాత్రం ఆమెకు గుర్తులేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నిలబడే సర్జన్‌కు ఫోన్ చేసింది. గురువారం కత్తి పట్టకండి అంది. అవతలాయన, మీరే కదా రాశారన్నాడు కాబోలు.

“రాశాను. తప్పు రాశాను. ఇది వేలని తెలియక రాశాను. భుజం ఎముకలో అయితే భయపడాల్సిన ఈ కణాలు వేలి ఎముకలో ఎంత అల్లరిగా కనబడినా మంచివే. గోడ చెక్కుచెదరలేదు, ఎక్స్‌రే నా ముందుంది. మీరు గీకిందే వైద్యం, ఇక కట్టు మార్చుకుంటూ కాపాడుకోండి. కొత్త రిపోర్టు గంటలో వస్తుంది. ఈసారి అడుగు వాక్యం కూడా చదవండి.”

ఫోన్ పెట్టేసి వచ్చి చుక్కలాయన ఎదురుగా కూర్చుంది. ఆయన ఎడమచెయ్యి కర్రను ఎంత గట్టిగా పట్టుకుందంటే కణుపులు తెల్లబడ్డాయి. మీ వేలు మీకే ఉంటుందండీ అని ఆవిడ చెప్పాక కూడా ఆ పట్టు సడలడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు ఖాళీ చేశాక వచ్చిన మొదటి ప్రశ్న మాత్రం ముక్కలక్క ఊహించనిది. అసలది ఎక్కణ్ణించి వచ్చింది, అని.

డాక్టరమ్మకు ఆ ప్రశ్న నచ్చింది. జనం ఎప్పుడూ పోతుందా అని అడుగుతారు గాని, ఎక్కణ్ణించి వచ్చిందని అడగరు. ఆవిడ ముక్కలక్క బల్లమీది చిన్న ప్లాస్టిక్ డబ్బీలు, ముక్కలు పెట్టుకునేవి, గుప్పెడు తీసుకుని ఒకదానిమీద ఒకటి నాలుగైదు దొంతరలుగా పేర్చింది. ఆయన ఎడమచేతిని వాటి మీదికి తెచ్చింది. ఎముక మధ్యలో పెరగదు, చివర పెరుగుతుంది అని మొదలుపెట్టింది. చిన్నపిల్లల వేలి ఎముకకు ఒక చివర పల్చటి మృదులాస్థి పలక ఉంటుంది, చెవి దొప్పలో ఉండేలాంటి మెత్తని పదార్థం. అందులో కణాలు ఇదిగో ఇలాగే దొంతరలు కడతాయి. పైన కొత్తవి పుడుతుంటాయి, కిందివి ఉబ్బి, తమ చోటు ఎముకకు ఇచ్చేసి తప్పుకుంటాయి. పిల్లాడు పొడుగయ్యేది అలా. పెరగడం పూర్తయ్యాక ఆ పలక కూడా ఎముకగా మారిపోతుంది, దొంతరలు ఉండవు.

చుక్కలాయన వేళ్ళు డబ్బీల వరసల మీదుగా పైకీ కిందికీ నడిచాయి. డాక్టరమ్మ ఒక డబ్బీని తీసి పక్కన పెట్టి, దాని మీద ఆయన వేలు ఆనించింది.

“ఇలా ఒకటీ అరా వరస తప్పి లోపల ఉండిపోతాయని మావాళ్ళు ఎప్పట్నించో అనుకుంటున్నారు. పెళ్ళయిపోయాక కూడా కదలని చుట్టాలుంటారు చూడండి, అలాగ. దొంగలు కారు. అలాగని పోరు. తింటూ పడుకుంటూ మెల్లగా ఇంకో గది ఆక్రమిస్తారు. మీ వేల్లో చేరింది అదే.”

ఈ మధ్య ఇంకో సంగతి కూడా బయటపడిందని చెప్పింది. ఇలాంటి కణుతుల్లో చాలావాటిలో, కణం లోపల ఉండే రాతలో ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఆ ఒక్క అక్షరంతో ఆ కణానికి ఎముకగా మారే దారి మూసుకుపోతుంది. అందరూ ఎదిగి వెళ్ళిపోయినా అది మాత్రం మృదులాస్థిగానే ఉండిపోతుంది. చుట్టం ఎందుకు కదల్లేదో దానివల్ల కొంత తెలిసింది, పూర్తిగా తెలిసిందని చెబితే అబద్ధమవుతుంది అంది.

చుక్కలాయన ముఖం వెలిగింది. “అంటే అచ్చుతప్పు. నలభై ఏళ్ళుగా చదువుతూ, అందరి అచ్చుతప్పులూ పట్టిన వేల్లోనే నాకు అచ్చుతప్పు పడిందన్నమాట.” తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, “ఎవరి తప్పండీ అది?” అని అడిగాడు.

“ఎవరిదీ కాదు. కోట్ల అక్షరాలు నకలు తీస్తుంటే ఎక్కడో ఒకటి జారుతుంది. మీరేదో తిన్నారనో, చెయ్యకూడనిది చేశారనో కాదు.”

ముక్కలక్క ఇంతసేపూ ఒక పక్కగా నిలబడి వింటోంది. చెప్పాల్సింది ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని ఆమెకు అర్థమైంది.

“ఆ తప్పు ఎవరిదీ కాదండీ. చీటీలో ఉన్నది వదిలేసి చెయ్యి అని రాసిన తప్పు మాత్రం నాది. ఎముక మెత్తబడినప్పుడే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. అడగలేదు. మీరు ఈరోజు రాకపోతే...”

“రాసింది ఆమె, సంతకం నాది,” అంది డాక్టరమ్మ వెంటనే. “ఎక్స్‌రే వచ్చేదాకా నేను ఆగాలి. ఆగలేదు. పంచుకుంటే ఇద్దరికీ సరిపోతుంది.”

చుక్కలాయన ఇద్దరి గొంతులూ వచ్చిన వైపుకు తల తిప్పాడు. కట్టు ఉన్న వేలిని కొంచెం పైకెత్తి, దించేశాడు. “మిమ్మల్ని వేలెత్తి చూపుదామంటే కట్టు అడ్డం వస్తోందమ్మా. అది విప్పాక చూద్దాం,” అన్నాడు.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ముక్కలక్క కూడా నవ్వబోయింది గాని, కళ్ళనీళ్ళు ముందు వచ్చాయి. కొత్త రిపోర్టు గంటలోపలే తయారైంది. ఈసారి దాన్ని పైకి చదివించుకుని, రెండు కామాలు మార్పించి గాని చుక్కలాయన కదల్లేదు. ‘కుడిచేతి చూపుడువేలు, మొదటి కణుపు ఎముక. ప్రమాదం లేని మృదులాస్థి కణితి.’ ఇంటికి వెళ్ళి భార్యకు ఇది మొదట్నించి చివరిదాకా చదివించుకుంటాను, మధ్యలో ఆపనివ్వను అన్నాడు.

ఆ మర్నాడే ముక్కలక్క రిజిస్టరులో కొత్త నియమం పెట్టింది. చీటీలో పొడి అక్షరాలు ఉంటే ఫోన్ చేసి, ఎత్తినవాళ్ళ చేత పూర్తి మాట పలికించుకోవాలి, ఏ ఎముకో చెప్పనివాళ్ళ సీసా తిరిగి వెళ్ళిపోతుంది. రెండు నర్సింగ్ హోమ్‌లు విసుక్కున్నాయి. విసుక్కోనివ్వమంది డాక్టరమ్మ. యాసిడ్ ఎన్ని రోజులు పట్టిందో రాసే గడి ఒకటి కూడా రిజిస్టరులో చేరింది, ఆ గడిని డాక్టరమ్మ రోజూ చదవడం మొదలుపెట్టింది.

వేరే పని కూడా ఒకటి ముక్కలక్క మొదలుపెట్టింది, అది ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. ఒక శనివారం ప్రెస్సు వెతుక్కుంటూ వెళ్ళి చుక్కలాయన భార్యను కలిసింది. ఆవిడ అక్కడే మూల ప్రతి పైకి చదివే ఉద్యోగం చేస్తుంది. మొదట కాస్త బిగుసుకునే మాట్లాడింది. ముక్కలక్క వచ్చిన పని చెప్పాక మాత్రం బల్ల సొరుగులోంచి గళ్ళున్న రేకు పలక, మొండి సూది, అక్షరాల అట్ట తీసి ఇచ్చింది. ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల చోటు. గుచ్చేది వెనకవైపునుంచి కనక కుడినుంచి ఎడమకు, అద్దంలో చూసినట్టు రాయాలి, కాగితం తిప్పితే సరైన వైపు వస్తుంది. ముక్కలక్క చేతికి సన్నపని కొత్త కాదు. అయినా మొదటి వారం ఇంట్లో కాగితాలన్నీ జల్లెడలైపోయాయి. ఈ వయసులో నీకిదేం పిచ్చే అంది మరదలు, తన నలిగిన వేలు చూసుకుంటూ.

కట్టు విప్పాక మూడు వారాలకు వేలి వాపు తగ్గింది. సర్జన్ తీయించిన కొత్త ఎక్స్‌రేలో ఖాళీ పూడుకోవడం మొదలైంది. కానీ వేలి కొస మొద్దుబారినట్టుంది, చుక్కలు కలిసిపోతున్నాయి అని చుక్కలాయన భార్య ఫోన్లో చెప్పింది. ఆయన ధైర్యంగానే ఉన్నాడట. ప్రెస్సులో ఇంకా ప్రూఫులు ముట్టుకోలేదట. ముక్కలక్క ఆ వారం ఒక్క పూట కూడా తృప్తిగా తినలేదు. ఎముక నిలబడి చూపు పోతే తను చేసిన మేలు ఏముంది?

మొదటిసారి వచ్చిన తొమ్మిదో వారంలో ఆయన మళ్ళీ ల్యాబుకు వచ్చాడు. కట్టు లేదు. వేలి పక్కగా సన్నటి గులాబీ గీత, అంతే. డాక్టరమ్మ వేలు వంచి చూసి, కొస నొక్కి చూసి, బాగుందని చెప్పింది. ఎక్స్‌రే మళ్ళీ ఆరునెలలకు తీయించుకోమంది. చదువుతున్నారా అని మాత్రం అడగలేదు. ముక్కలక్కకూ అడగడానికి నోరు రాలేదు. తన సొరుగులోంచి ఒక దళసరి కాగితం తీసి ఆయన ముందు బల్లమీద పెట్టింది.

“మీ రిపోర్టండీ. ఆరోజు మీకు చదివి వినిపించాం. ఇది మీరే చదువుకోవాలి.”

చుక్కలాయన కర్ర పక్కన పెట్టాడు. ఎడమచేత్తో కాగితం అంచు తడిమి, వరస పట్టుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, ఆ వేలిని మొదటి అక్షరం మీద పెట్టాడు. గదిలో చక్రం ఆగి ఉంది, నీళ్ళ తొట్టి సన్నగా గుర్రుమంటోంది. వేలు కదిలింది. ఆగింది. మళ్ళీ మెల్లగా కదిలింది. మొదటి వరస పూర్తి చెయ్యడానికి ఎంతసేపు పట్టిందో ముక్కలక్క లెక్కపెట్టలేదు, ఊపిరి బిగబట్టి ఆయన ముఖమే చూస్తోంది. రెండో వరస మీద వేలు కొంచెం తొందరపడింది. మూడో వరస మధ్యలో ఆగిపోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అదే చోట ఆగింది.

“ముక్కలక్కా,” అన్నాడు ఆయన. అంతవరకూ అమ్మా అనేవాడు. “ఇక్కడ తప్పు పడింది. ‘ప్రమాదం’లో ఒక చుక్క తక్కువైంది.”

ఆయన ఆ చూపుడువేలిని కాగితం మీంచి ఎత్తి, సూటిగా ఆమె వైపు చూపించాడు. ఇరవై ఆరేళ్ళలో ముక్కలక్కను వేలెత్తి చూపిన మొదటి మనిషి ఆయనే. ఆమె ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది.